చందా తేదీ, జీవో తేదీ: వ్యాపారుల డబ్బు రాజకీయాల్లో పనిచేసే తీరు

ఎన్నికలొస్తే అందరి కళ్లూ చెక్‌పోస్టుల మీదే ఉంటాయి. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో నగదు, మద్యం, బంగారం, పంచడానికి తెచ్చిన వస్తువులు అన్నీ కలిపి 700 కోట్ల రూపాయలకు పైగా సొత్తు పట్టుబడింది. 2018లో ఇదే లెక్క సుమారు 100 కోట్లు. పేపర్లలో నోట్ల కట్టల ఫొటోలు, టీవీల్లో కార్ల డిక్కీలు. అవన్నీ నిజమే గానీ, డబ్బు ప్రయాణంలో అది ఆఖరి మజిలీ. పెద్ద వ్యాపారి రాజకీయాల్లో పెట్టిన సొమ్ముకు ఫలితం తర్వాతి ఐదేళ్లలో వస్తుంది. టెండరు షరతులు రాసే గదిలో, భూమి జోన్ మార్చే ఫైల్లో, బిల్లుల చెల్లింపు వరుసలో వస్తుంది. అక్కడ ఏ ఫ్లయింగ్ స్క్వాడూ ఉండదు.

ఈ యంత్రాంగాన్ని విప్పి చూడటానికి హైదరాబాద్ కంటే మంచి చోటు దొరకదు. దేశంలో ఎన్నికల బాండ్లను అత్యధికంగా కొన్న సంస్థల్లో రెండోది ఇక్కడిదే. ఒక్క ఉత్తర్వుతో ఎకరం ధర మారిపోయే నగరం ఇదే. అధికారంలో ఏ పార్టీ ఉన్నా పద్ధతి పెద్దగా మారదని చూపించే రికార్డు కూడా ఇక్కడ కావలసినంత ఉంది.

డబ్బిచ్చి కొనేదేమిటి

ముందు భూమి సంగతి. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పరిశ్రమలను, భారీ నిర్మాణాలను కట్టడి చేసింది. దాని కిందికి 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు వచ్చాయి. పాతికేళ్లకు పైగా ఆ ఊళ్లలో భూమి సాగు ధరకే అమ్ముడుపోయింది, లేదా ఫాంహౌస్ ధరకు. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. అదే పరిధికి ఆనుకుని ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలం వేస్తే ఒక ప్లాట్‌లో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆంక్ష ఉన్న భూమికీ లేని భూమికీ మధ్య ఎంత తేడా ఉంటుందో ఊహించుకోవడానికి ఈ ఒక్క అంకె చాలు. ఆ తేడా పుట్టడానికి ఎవరూ పునాది తవ్వక్కర్లేదు, ఇటుక పేర్చక్కర్లేదు. ఒక సంతకం చాలు.

అందుకే ఇక్కడ అన్నిటికంటే విలువైన సరుకు సమాచారం. ఆంక్ష పోతుందని ఆరు నెలల ముందు తెలిసినవాడు రైతు దగ్గర అగ్రిమెంటు రాయించుకుంటాడు. ఉత్తర్వు వచ్చాక తెలిసినవాడు మార్కెట్ ధరకు కొంటాడు. మొదటివాడు చట్టాన్ని ఉల్లంఘించాడని నిరూపించడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే కాగితం మీద అతను చేసిందల్లా పొలం కొనడమే. మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌ను రెసిడెన్షియల్‌గా మార్చడం, రోడ్డు అలైన్‌మెంట్‌ను కొంచెం పక్కకు జరపడం, చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ పడాలో తేల్చడం, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

ఈ ఆట ఎంత పెద్దదిగా ఉండగలదో తెలియాలంటే 2008 నాటి మెట్రో టెండరు గుర్తు చేసుకోవాలి. అలాంటి ప్రాజెక్టుకు కంపెనీలు మామూలుగా లోటు పూడ్చడానికి ప్రభుత్వాన్ని గ్యాప్ ఫండింగ్ అడుగుతాయి. మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం మాత్రం తానే ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తానని బిడ్ వేసి పని దక్కించుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. విలువైన ప్రభుత్వ భూమిని ప్రైవేటు ఆపరేటర్ చేతికివ్వడం పెద్ద రాజకీయ కుంభకోణానికి దారితీయవచ్చని హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పాలంది, పరువు నష్టం దావా వేస్తామంది. 2009 జనవరి 7న మేటాస్‌ను నడిపిన కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్ లెక్కల బాగోతం బయటపడింది, ఆ ఏడాదే మేటాస్ కాంట్రాక్టు రద్దయింది, 2010లో పని ఎల్ అండ్ టీకి వెళ్లింది. రైలు టికెట్లతో అంత డబ్బు రాదని ఆనాడే ఎవరైనా లెక్క వేయగలిగేవాళ్లు. ఏ బిడ్ అయినా మామూలు లెక్కకు అందకపోతే, రాబడి ఇంకెక్కడి నుంచి వస్తుందో వెతకాలి. హైదరాబాద్‌లో చాలాసార్లు అది భూమి దగ్గర దొరుకుతుంది.

టెండరు ఎక్కడ వంగుతుంది

ప్రభుత్వ పని ఒకటి కాంట్రాక్టర్ చేతికి రావాలంటే కొన్ని మెట్లు దాటాలి. ఇంజనీర్లు ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక (ఎస్ఎస్ఆర్) ప్రకారం అంచనా తయారు చేస్తారు. అర్హత షరతులు రాస్తారు. ఈ–ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్లు తెరుస్తారు. అగ్రిమెంటు అయ్యాక పని మొదలుపెట్టడానికి మొబిలైజేషన్ అడ్వాన్సు ఇస్తారు. పని జరిగినకొద్దీ కొలతలు మెజర్‌మెంట్ బుక్ (ఎంబీ)లో రికార్డు చేస్తారు, ఆ రికార్డు మీద బిల్లు పెడతారు. చివర్లో అదనపు పనులకు సప్లిమెంటరీ అంచనాలు వస్తాయి.

బయటివాళ్లంతా టెండరు తెరిచే రోజును గమనిస్తారు. నిజానికి ఆ రోజుకు చేయగలిగింది చాలావరకు అయిపోయి ఉంటుంది. గడిచిన ఐదేళ్లలో ఒకే ఏడాదిలో ఫలానా కోట్ల విలువైన, ఫలానా రకం పని పూర్తి చేసి ఉండాలి అని ఒక్క వాక్యం రాస్తే, అర్హులు పదిహేను మంది నుంచి ఇద్దరికి తగ్గిపోతారు. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటే దాన్ని ఫీల్డులో రింగ్ అంటారు. అంచనా కంటే 5 శాతం మించి ఎక్సెస్ కోట్ చేసిన టెండరును తిరస్కరించాలన్న నియమం మనకు ఉంది. పోటీ నిజంగా ఉన్న పనికి 15, 20 శాతం లెస్ కూడా వేస్తారు. రింగ్ అయిన పనికి బిడ్లు 4 శాతం ఎక్సెస్ పైన, 5 లోపు వచ్చి ఆగుతాయి. ఒక శాఖలో ఏడాది టెండర్ల పట్టిక తీసి ఈ ఒక్క కాలమ్ చూసినా చాలా తెలుస్తుంది.

అంచనా దశలో వంపు ఇంకా పెద్దది, ఇంకా కనబడనిది. కాళేశ్వరంపై 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చదవాలి. కేంద్ర జలసంఘానికి 81,911 కోట్లుగా చూపిన ప్రాజెక్టు వ్యయం 1,47,427 కోట్లు దాటొచ్చని అది లెక్కగట్టింది. సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)కు ఆమోదం రాకముందే 25 వేల కోట్ల విలువైన 17 పనులను అప్పగించారని చెప్పింది. సమగ్ర నివేదికకు ఆమోదం రాకుండానే పని చేతికొచ్చిందంటే, ఆ తర్వాత డిజైన్ మారిన ప్రతిసారీ ఒప్పందం విలువ కూడా మారుతుంది. మారిన విలువకు మళ్లీ టెండరు ఉండదు.

ఆఖరి మెట్టు బిల్లు. పని అయిపోయి, ఎంబీ రికార్డయి, బిల్లు ఖజానాకు చేరాక డబ్బు ఎప్పుడు విడుదల కావాలన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఖజానాలో డబ్బు తక్కువున్నప్పుడు ఎవరి బిల్లు ముందు అన్న ప్రశ్నే అధికారంగా మారుతుంది. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు ఏకంగా హైదరాబాద్ సచివాలయంలోనే పెండింగ్ బిల్లుల కోసం నిరసనకు దిగారు. వడ్డీకి తెచ్చి గ్రామంలో స్కూలు గదో సీసీ రోడ్డో వేసిన మనిషికి ఆ ఆలస్యం ప్రాణాంతకం. వందల కోట్ల టర్నోవర్ ఉన్నవాడు ఏడాది ఆగగలడు, లేదా ఆగక్కర్లేకుండా చూసుకోగలడు. రాజకీయ దగ్గరితనం వల్ల వచ్చే లాభాల్లో జనానికి అంతగా తెలియనిది ఇదే, నన్నడిగితే అన్నిటికంటే అన్యాయమైనదీ ఇదే. ఇందులో కొత్త పని ఏదీ దక్కదు, ఏ జీవో రాదు, కేవలం వరుసలో ముందుకు జరుగుతారు.

నల్లడబ్బు తయారయ్యే చోటు

పార్టీకి చెక్కు ఇవ్వొచ్చు. కానీ బూత్‌లో పంచడానికి నగదు కావాలి. ఆ నగదు ఎక్కువగా రెండు చోట్ల పుడుతుంది. ఒకటి రిజిస్ట్రేషన్. ప్రభుత్వ మార్కెట్ విలువకూ, నిజంగా చేతులు మారిన ధరకూ ఉన్న తేడా లెక్కల్లోకి రాదు. వైట్ ఎంత, బ్లాక్ ఎంత అన్న ప్రశ్న ఈ నగరంలో భూమి బేరం ఆడినవాళ్లందరికీ తెలుసు. రెండోది సబ్ కాంట్రాక్ట్. పెద్ద కంపెనీ కిందివాళ్లకు మట్టి పని, గ్రావెల్ రవాణా, కూలీల సరఫరా పేరుతో చెల్లింపులు చూపిస్తుంది. కింది కంపెనీ తన కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగిస్తుంది. మట్టి పనినే ఎంచుకోవడానికి కారణముంది. కట్ట పోసి, నీళ్లు పారించాక ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారో ఎవరూ మళ్లీ కొలవలేరు.

బాండ్ల ఆరేళ్లు

చెక్కు దారి సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మాత్రమే మనకు పూర్తి జాబితాలు దొరికాయి.

2017 వరకు నియమం ఇది: ఒక కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం వరకే పార్టీలకు ఇవ్వాలి, బోర్డు తీర్మానం ఉండాలి, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లాభనష్టాల ఖాతాలో చూపాలి. 2017 ఫైనాన్స్ చట్టం ఆ పరిమితిని తీసేసింది, పార్టీ పేరు చెప్పాల్సిన అవసరాన్నీ తీసేసింది. దాంతో నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు. రిజర్వ్ బ్యాంకు, ఎన్నికల సంఘం రెండూ అభ్యంతరాలు రాశాయి. 2018 జనవరిలో బాండ్ల పథకం నోటిఫై అయింది.

బాండు అంటే స్టేట్ బ్యాంకు అమ్మే ప్రామిసరీ నోటు. 1,000, 10,000, లక్ష, 10 లక్షలు, కోటి రూపాయల విలువల్లో ఉండేది. వడ్డీ లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పదేసి రోజులు అమ్మేవారు. గడువు 15 రోజులు, ఆలోపు పార్టీ తన ఖాతాలో వేసుకోకపోతే ఆ డబ్బు ప్రధానమంత్రి సహాయ నిధికి పోతుంది. కాగితం మీద కొన్నవాడి పేరు లేదు, పార్టీ పేరు లేదు. మామూలు కళ్లకు కనబడకుండా, అల్ట్రావయొలెట్ వెలుతురులో మాత్రం కనబడే అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నంబరు దానిమీద ఉండేది. కొన్నవాడి కేవైసీ బ్యాంకు దగ్గర ఉండేది. కాబట్టి రహస్యం అందరికీ ఒకేలా లేదు. ఓటరుకు పూర్తి చీకటి. ప్రభుత్వ రంగ బ్యాంకు మీద పట్టున్న అధికార పక్షానికి కావాలంటే తెలుసుకునే దారి ఉంది. విరాళమిచ్చే వ్యాపారికి ఈ తేడా బాగా తెలుసు. ప్రతిపక్షానికి ఎక్కువ ఇవ్వాలనుకున్నవాడిని వెనక్కి లాగేది ఆ ఎరుకే. సామాన్యుడు చందా ఇచ్చుకునేందుకే పథకం అని మొదట్లో వాదించారు గానీ, అమ్ముడైన విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం పథకాన్ని కొట్టేసింది, 7.5 శాతం పరిమితి ఎత్తివేతనూ కొట్టేసింది. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగితే కోర్టు ఒక్క రోజు ఇచ్చింది. మార్చి 14న జాబితాలు బయటికొచ్చాయి. కొన్నవారిది ఒకటి, మార్చుకున్న పార్టీలది ఇంకొకటి. రెంటినీ కలిపే నంబర్లు లేవు. కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక మార్చి 21న అవీ వచ్చాయి. అప్పుడు మాత్రమే ఎవరి డబ్బు ఎవరికి వెళ్లిందో తెలిసింది.

2019 ఏప్రిల్ 12 నుంచి ఉన్న ఆ లెక్కల్లో బీజేపీకి 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609, కాంగ్రెస్‌కు 1,421, బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు. వైసీపీకి 337, టీడీపీకి 218 కోట్లు. ఒక్క రాష్ట్రంలో అధికారంలో ఉన్న బీఆర్ఎస్, జాతీయ పార్టీ కాంగ్రెస్‌కు దగ్గరగా వచ్చిందంటే డబ్బు దేన్ని వెతుక్కుంటూ వెళ్తుందో స్పష్టంగానే ఉంది. అది సంతకం పెట్టే చేతిని వెతుక్కుంటూ వెళ్తుంది.

కొన్నవారిలో మొదటిది కోయంబత్తూరు లాటరీ సంస్థ, 1,368 కోట్లు. రెండోది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అదే గ్రూపులోని వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ మరో 220 కోట్లకు కొన్నది. మేఘా బాండ్లలో అత్యధిక భాగం బీజేపీకి, తర్వాత బీఆర్ఎస్‌కు వెళ్లాయి. డీఎంకే, వైసీపీ, టీడీపీలకూ అందాయి. సైద్ధాంతికంగా ఒకరితో ఒకరికి పడని పార్టీలన్నిటికీ ఒకే సంస్థ ఇచ్చిందంటే, అది సిద్ధాంతానికి ఇచ్చిన చందా కాదనే అనుకోవాలి.

ఇంకొక వరుస చూడండి. హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా డైరెక్టరు ఒకరిని ఢిల్లీ మద్యం కేసులో ఈడీ 2022 నవంబరు 10న అరెస్టు చేసింది. నవంబరు 15న ఆ కంపెనీ 5 కోట్ల బాండ్లు కొన్నది. నవంబరు 21న బీజేపీ వాటిని నగదు చేసుకుంది. 2023 జూన్‌లో ఆయన అప్రూవర్ అయ్యారు. ఆ ఏడాది నవంబరులో కంపెనీ కొన్న మరో 25 కోట్ల బాండ్లూ బీజేపీకే వెళ్లాయి. అంతకుముందు ఇదే కంపెనీ బీఆర్ఎస్‌కు 15 కోట్లు, టీడీపీకి రెండున్నర కోట్లు ఇచ్చింది. తేదీలు ఇంత దగ్గరగా ఉన్నంత మాత్రాన లంచమని రుజువు కాదు. రుజువు కావాలంటే ఎవరు ఎవరితో ఏమన్నారో తెలియాలి, ఆ పని దర్యాప్తు సంస్థది. ఇలాంటి వరుసలన్నిటిపైనా ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాలని కోరిన పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, మామూలు చట్టాల కింద ఉన్న దారులు చూసుకోమంది. కాబట్టి మన చేతిలో మిగిలింది తేదీల పట్టికే.

బాండ్ల తర్వాత డబ్బు ఎక్కడికి పోయింది

ఎక్కడికీ పోలేదు. 2013లో మొదలైన ఎలక్టోరల్ ట్రస్టుల దారికి మళ్లింది. ట్రస్టు అంటే విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచడానికే పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ. ఏడాదిలో వచ్చినదాంట్లో 95 శాతం మార్చి 31లోగా పంచేయాలి. నగదు తీసుకోకూడదు. ఎవరిచ్చారో, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో ఎన్నికల సంఘానికి చెప్పాలి. వినడానికి బాండ్ల కంటే ఎంతో నయం, నిజంగానే నయం.

లోపం పంపిణీలో ఉంది. పెద్ద ట్రస్టులో ముప్పై నలభై కంపెనీల డబ్బు ఒకే ఖాతాలో పడుతుంది. నివేదికలో ఇచ్చినవాళ్ల పట్టిక ఒకటి, తీసుకున్న పార్టీల పట్టిక ఒకటి. ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకో కలిపే గీత ఉండదు. వీటిలో అతి పెద్దదైన ప్రూడెంట్ 2023–24లో బీజేపీకి 723 కోట్లు, కాంగ్రెస్‌కు 156, బీఆర్ఎస్‌కు 85 కోట్లు ఇచ్చింది. 2024–25లో ట్రస్టులన్నీ కలిసి పంచిన 3,811 కోట్లలో 3,112 కోట్లు బీజేపీకే వెళ్లాయి. ఒక చిన్న కిటుకు కొంతవరకు పనికొస్తుంది. ట్రస్టు నివేదికలో విరాళం వచ్చిన తేదీ, పార్టీకి పంపిన తేదీ రెండూ ఉంటాయి. ఒక కంపెనీ నుంచి 10 కోట్లు వచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఒక పార్టీకి సరిగ్గా 10 కోట్లు వెళ్తే, గీత ఎవరూ గీయకపోయినా కనబడుతుంది.

20,000 రూపాయల లోపు విరాళాలకు పేరు చెప్పక్కర్లేదన్న సడలింపు ఇంకా అలాగే ఉంది. నగదు విరాళాన్ని 2017లో ఒక్కొక్కరికి 2,000కు తగ్గించారు, దాంతో రసీదు పుస్తకాలు లావయ్యాయి అంతే.

చందాగా కనబడని చందా

వ్యాపారి నాయకుడికి డబ్బివ్వాల్సిన పని లేదు, నాయకుడి కంపెనీలో వాటా కొనొచ్చు. 2011 ఆగస్టులో హైకోర్టు ఆదేశంతో సీబీఐ మొదలుపెట్టిన జగన్ ఆస్తుల కేసు సారాంశం ఇదే. తండ్రి వైఎస్ ప్రభుత్వం నుంచి భూములు, అనుమతులు పొందిన కంపెనీలు బదులుగా జగన్‌కు చెందిన జగతి పబ్లికేషన్స్, భారతి సిమెంట్స్ వంటి సంస్థల్లో అధిక ప్రీమియంతో పెట్టుబడులు పెట్టాయన్నది సీబీఐ ఆరోపణ. అవి మామూలు వ్యాపార పెట్టుబడులని, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవని జగన్ వాదన. హైదరాబాద్ సీబీఐ కోర్టులో కేసులు పదేళ్లు దాటినా తేలలేదు. నీకిది నాకది అన్న మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది ఈ కేసుతోనే. ఎందుకు తేలదంటే, స్టాక్ మార్కెట్‌లో లిస్టు కాని కంపెనీ షేరు ధర ఎంత ఉండాలో చెప్పే అంగడి లేదు. ఎక్కువ పెట్టి కొన్నాడనడానికి ఒక వాల్యుయేషన్ రిపోర్టు, సరిగ్గానే కొన్నాడనడానికి మరొక రిపోర్టు దొరుకుతాయి.

మీడియా కూడా ఇలాంటిదే. తెలుగులో పెద్ద పత్రికలు, చానళ్లు చాలావరకు ఇతర వ్యాపారాలున్న కుటుంబాల చేతుల్లోనో, నేరుగా రాజకీయ కుటుంబాల చేతుల్లోనో ఉన్నాయి. సాక్షి, నమస్తే తెలంగాణ, వీ6 వెలుగు ఎవరివో పాఠకుడికి చెప్పక్కర్లేదు. చానల్ ఏటా నష్టపోతున్నా యజమాని నడుపుతున్నాడంటే, లాభం మరో బ్యాలెన్స్ షీటులో వస్తోందని అర్థం చేసుకోవచ్చు.

ఇక మధ్యవర్తి ఎందుకని తామే దిగేవాళ్లున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో గుంటూరు అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ ప్రకటించిన కుటుంబ ఆస్తి 5,705 కోట్లు, చేవెళ్ల అభ్యర్థి కొండా విశ్వేశ్వర్‌రెడ్డిది 4,568 కోట్లు. ఇద్దరూ గెలిచారు. జనం ముందు నిలబడి గెలిచారు కాబట్టి వాళ్లను తప్పుపట్టడానికి లేదు. రాజ్యసభ దారి వేరు. 2003లో చట్టం మార్చి, పోటీ చేసే రాష్ట్రంలో నివసించాలన్న షరతు తీసేశారు, ఎమ్మెల్యేల ఓటు పార్టీ ఏజెంటుకు చూపించాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు రెంటినీ సమర్థించింది. ఫలితంగా పార్టీ అధినేత ఒక్కడు ఒప్పుకుంటే సీటు వచ్చినట్టే. రిలయన్స్‌కు చెందిన పరిమళ్ నత్వానీ 2020లో ఆంధ్రప్రదేశ్ నుంచి, అదే ఏడాది రాంకీ అయోధ్య రామిరెడ్డి, 2022లో తెలంగాణ నుంచి హెటిరో పార్థసారథి రెడ్డి రాజ్యసభకు వెళ్లారు. ఇది పూర్తిగా చట్టబద్ధం. రాజ్యసభ సభ్యులు తమ డైరెక్టర్ పదవులు, నియంత్రణ వాటాలు ప్రకటించే రిజిస్టరు ఒకటి ఉంది. లోక్‌సభకు అదీ లేదు.

నలభై లక్షల రిజిస్టరు

శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి తెలుగు రాష్ట్రాల్లో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. అభ్యర్థి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, రోజువారీ ఖర్చు రాయాలి. కుర్చీకి ఇంత, టీకి ఇంత, బిర్యానీ ప్లేటుకు ఇంత, బండికి రోజుకు ఇంత అని జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ఇస్తారు. వీడియో బృందం మీటింగ్‌లో కుర్చీలు లెక్కబెడుతుంది, ఆ లెక్క షాడో రిజిస్టరులో ఎక్కుతుంది. అభ్యర్థి రాసినదానికీ దానికీ పొంతన లేకపోతే నోటీసు. ప్రచార సమయంలో మూడుసార్లు తనిఖీ, ఫలితం వచ్చిన 30 రోజుల్లో తుది లెక్క. లెక్క చూపనివాళ్లపై మూడేళ్ల అనర్హత వేటు వేయవచ్చు.

ఇంత పకడ్బందీగా ఉన్నా పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. స్టార్ క్యాంపెయినర్ హెలికాప్టర్ పార్టీ ఖాతాలోకి పోతుంది. అభ్యర్థి అదే వేదికెక్కితేనో, పోస్టర్‌పై అతని ఫొటో ఉంటేనో మాత్రం వాటా అతని లెక్కలో పడుతుంది. అందుకే కొన్ని సభల్లో స్థానిక అభ్యర్థి కింద నిలబడి కనిపిస్తాడు.

రిజిస్టరులోకి రాని ఖర్చు ఎంతో లెక్కేద్దాం. రెండున్నర లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో సగం మందికి రెండు వేల చొప్పున పంచితే 25 కోట్లు. పరిమితికి అరవై రెట్లకు పైన. 2021 హుజూరాబాద్ ఉపఎన్నికలో కవర్లు తమకు అందలేదని ఓటర్లే రోడ్డెక్కిన ఊళ్లున్నాయి. ఎమ్మెల్యేకు నెలకొచ్చే జీతంతో ఈ 25 కోట్లు తీరేది కాదు. ఎవరో ఒకరు పెట్టి ఉండాలి, పెట్టినవారు తిరిగి రాబట్టుకోవాలి. మళ్లీ భూమి, టెండరు, బిల్లు దగ్గరికే వస్తాం.

మీరే పట్టిక వేయాలంటే

మీ ఊరి ప్రాజెక్టు ఒకటి తీసుకోండి. కాంట్రాక్టు సంస్థ పేరుతో ఆగకండి, కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్ల పేర్లు తీసి, అదే వ్యక్తులు డైరెక్టర్లుగా ఉన్న మిగతా కంపెనీలను రాసుకోండి. విరాళాలు ఎక్కువగా ఆ పక్క కంపెనీల పేరు మీదే కనిపిస్తాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో బాండ్ల జాబితా, ట్రస్టుల నివేదికలు, పార్టీలు ఏటా ఇచ్చే విరాళాల నివేదికలు మూడూ దించుకుని అదే పేర్లు వెతకండి. పార్టీల నివేదికలు ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరేడు నెలలకు గానీ రావు, కాబట్టి ఎప్పుడూ ఒక ఏడాది వెనకే ఉంటారు. తర్వాత ఈ–ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు తేదీ, ఎంతమంది అర్హులయ్యారు, ఎంత ఎక్సెస్ లేదా లెస్ అన్నది చూడండి. జీవో తేదీ రాసుకోండి. భూమి విషయమైతే చుట్టుపక్కల సర్వే నంబర్లలో ఉత్తర్వుకు ముందు ఏడాది రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయండి.

ఇక్కడ జనం ఎక్కువగా జారేది ఒక చోట. రెండు తేదీలు దగ్గరగా కనబడగానే కేసు తేలిపోయిందనుకుంటారు. పెద్ద కాంట్రాక్టర్‌కు ఏడాది పొడవునా ఏదో ఒక టెండరు ఉంటుంది, ఏ చందా తేదీ పక్కనైనా ఏదో ఒక జీవో దొరుకుతుంది. అందుకే చందా ఇవ్వని సంస్థలకు అదే కాలంలో ఏం దక్కిందో కూడా పక్క కాలమ్‌లో పెట్టాలి. అప్పుడే పట్టిక వాదనకు నిలుస్తుంది.

ఆ దశ దాటాక సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. కాంట్రాక్టు ఒప్పందం అడిగితే వాణిజ్య గోప్యత అంటూ సెక్షన్ 8(1)(డి) చూపిస్తారు. జీవో కాపీ అడిగితే ఇచ్చేస్తారు, అందులో ఏమీ ఉండదు. అడగాల్సింది నోట్ ఫైలు. ఏ సెక్షన్ ఆఫీసరు ఫైలు మొదలుపెట్టారు, ఆర్థిక శాఖ ఏం అభ్యంతరం రాసింది, ఆ అభ్యంతరం మీద ఎవరు సంతకం పెట్టి ముందుకు పంపారు, ఏ తేదీన పంపారు అన్నవి ఆ పేజీల్లోనే ఉంటాయి.